కరక్కాయ, తులసి, నేలవేము: యాంటీ ఆక్సిడెంట్ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు

డిగ్రీ స్థాయి రసాయన శాస్త్రంలో ఇంతకంటే కంటికి ఇంపైన ప్రాజెక్టు మరొకటి లేదు. ఒక గొట్టంలో లేత పసుపు ద్రవం నీలంగా మారుతుంది. మరో గొట్టంలో ఊదా రంగు విరిగిపోయి పసుపు మిగులుతుంది. మొదటి రంగు మీ మూలికా సారంలో ఫినాలిక్ సమ్మేళనాలు ఎంత ఉన్నాయో చెబుతుంది, రెండోది ఆ సారం, జతలేని ఎలక్ట్రాన్ వల్ల దేని మీదైనా పడే అణువును, అంటే ఫ్రీ రాడికల్‌ను ఎంతవరకు అణచగలదో చెబుతుంది. అలా అణచగలిగేదే యాంటీ ఆక్సిడెంట్. ఖర్చు తక్కువ, కొలవడానికి కావలసిన యంత్రం ఒక్కటే: రంగు ద్రవం ఎంత కాంతిని పీల్చుకుందో చెప్పే స్పెక్ట్రోఫోటోమీటర్. అందుకే విశాఖపట్నంలో నేను పాఠాలు చెప్పే కళాశాలలో ఆఖరి సంవత్సరం పిల్లలు ఏటా గుంపుగా దీని మీదే పడతారు.

పడనివ్వండి. నా పేచీ అంతా అంకెలతోనే. ఒకే పెరటి తులసి మీద ఇద్దరు పనిచేస్తే ఒకరికి వచ్చిన విలువకు మరొకరిది రెట్టింపు ఉంటుంది. ఇద్దరూ నాలుగేసి దశాంశ స్థానాలు వేసి మరీ పట్టిక గీస్తారు. ఎవరూ అబద్ధం ఆడలేదు. ఒకరు ఆకును మేడ మీద ఎండలో పోశారు, మరొకరు నీడన ఆరబెట్టారు. ఒకరు మరిగించారు, ఒకరు నానబెట్టారు. ఆ సంగతులు పట్టికలో కనపడవు, అంకె మాత్రం కనపడుతుంది. మీకు వచ్చే విలువలో ఆకు వాటా కొంత, మీ చేతి వాటా కొంత. మీ చేతి వాటా ఎంతో తెలిసేలా పనిచేయడం ఎలాగో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం. అందుకని యంత్రం కంటే ఆకు గురించి, సీసాల గురించి ఎక్కువ మాట్లాడతాను. మీట నొక్కితే అంకె ఎవరికైనా వస్తుంది.

ఒకటి కాదు, మూడు మొక్కలు

ఒక్క మొక్క తీసుకుని "ఇందులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి" అని తేల్చడంలో పసే లేదు. ఫినాల్ అంటూ లేని ఆకు ఉండదు కాబట్టి ఏ ఆకు తెచ్చినా ఉన్నాయనే వస్తుంది. పోల్చడానికి వీలుగా మూడు తీసుకోండి. నేనైతే కరక్కాయ, తులసి, నేలవేము ఇస్తాను.

కరక్కాయ టానిన్ల (పెద్ద ఫినాల్ అణువుల) గని. చెబులాజిక్ ఆమ్లం, చెబులినిక్ ఆమ్లం, గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం అన్నీ ఆ పెచ్చులోనే ఉంటాయి. నాలుక మీద పెడితే పట్టేసే ఆ వగరు వాటిదే. తులసి మధ్యస్థం. దానిలో రోజ్‌మరినిక్ ఆమ్లం, కొన్ని ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. వాసననిచ్చే యూజినాల్ కూడా ఫినాలే. ఇక నేలవేము. చేదుకు పెట్టింది పేరు, జ్వరాలకు వాడకంలో దానికి పెద్ద పేరు. కానీ ఆ చేదంతా ఆండ్రోగ్రాఫోలైడ్‌ది. అది డైటెర్పీన్ లాక్టోన్, ఫినాల్ కాదు. కాబట్టి ఈ పరీక్షలో నేలవేము కరక్కాయ ముందు వెలవెలబోతుంది. అంతమాత్రాన నేలవేము పనికిరాని మందు అని కాదు. ఈ పరీక్ష అడిగే ప్రశ్నకు దాని దగ్గర సమాధానం లేదు, అంతే. ఈ తేడా మీకై మీరు చూశారంటే ప్రాజెక్టు సగం సార్థకమైనట్టే.

ఫినాల్‌కు ఆ శక్తి ఎక్కడిది అన్నది మౌఖిక పరీక్షలో తప్పకుండా అడుగుతారు. బెంజీన్ వలయానికి అంటుకున్న హైడ్రాక్సిల్ సమూహం తన హైడ్రోజన్ పరమాణువును రాడికల్‌కు ఇచ్చేస్తుంది. ఇచ్చాక తానే రాడికల్ అవుతుంది. కానీ ఆ ఒంటరి ఎలక్ట్రాన్ వలయమంతా పరుచుకుంటుంది కనుక కుదురుగా ఉంటుంది, మరొకదాని మీద పడదు. పక్కపక్కనే రెండు హైడ్రాక్సిళ్లు ఉంటే ఇంకా మేలు. గాలిక్ ఆమ్లంలో మూడు ఉన్నాయి. రోజ్‌మరినిక్ ఆమ్లంలో అలాంటి జంటలు రెండు. అదే హైడ్రాక్సిల్‌కు మిథైల్ తగిలించి మిథాక్సీ చేశారో, ఇవ్వడానికి హైడ్రోజనే ఉండదు. నేల ఉసిరిలో దొరికే ఫిల్లాంథిన్ ఇందుకు మంచి ఉదాహరణ: రెండు బెంజీన్ వలయాలున్నా వాటి మీద ఉన్నవన్నీ మిథాక్సీలే, స్వేచ్ఛగా ఉన్న హైడ్రాక్సిల్ ఒక్కటీ లేదు.

ఇదంతా మనకు పరాయి విద్య కాదు. ఫ్లేవనాయిడ్ల రసాయనంలో ప్రపంచమంతా పేరు విన్న టి.ఆర్. శేషాద్రి 1933 నుంచి 1949 దాకా మన వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనే పనిచేశారు. పత్తి పూల పసుపు రంగులను విడదీసి వాటి నిర్మాణం తేల్చిన పని ఇక్కడ జరిగినదే. మీరు ఇప్పుడు పట్టుకున్న సమ్మేళనాల కుటుంబం అదే. ఆ రోజుల్లో ఆయనకు ఇప్పటి పరికరాలు లేవన్నది గుర్తుంటే మీ ప్రయోగశాల మీద ఫిర్యాదులు కొంచెం తగ్గుతాయి.

సరుకు ఎక్కడ, ఎలా

కరక్కాయకు పూర్ణా మార్కెట్ వైపు మూలికలు అమ్మే దుకాణాలకు వెళ్లండి. "పెచ్చు కావాలా, కాయ కావాలా అమ్మా?" అని అడుగుతారు. కాయే అడగండి. ఎండిన కరక్కాయ మీద నిలువుగా అయిదు గట్లు స్పష్టంగా ఉంటాయి. తానికాయ గుండ్రంగా ఉంటుంది. పొడి కొన్నారంటే అందులో ఏముందో దేవుడికే ఎరుక. కాయ పగలగొట్టి గింజ తీసేసి పెచ్చు మాత్రమే వాడాలి. గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం మన ఊళ్లోనే ఉంది. ఏజెన్సీ నుంచి అటవీ ఉత్పత్తులు కొనే సంస్థ అది. కాయ ఏ ప్రాంతానిదో, ఏ కాలంలో సేకరించినదో తెలుసుకోవాలంటే అక్కడ అడగడం నయం.

తులసి ఇంట్లోదే వాడుకోవచ్చు. కృష్ణ తులసో, లేత ఆకుపచ్చదో ముందే రాసుకోండి. ఎందుకో కింద చెబుతాను. ఆదివారమో ద్వాదశో వచ్చిందంటే ఇంట్లో పెద్దవాళ్లు ఆకు కోయనివ్వరు, కాబట్టి పంచాంగం చూసుకునే పని మొదలుపెట్టండి. ఓడరేవుకు దగ్గరి వీధుల్లో ఆకు మీద నల్లటి దుమ్ము పేరుకుని ఉంటుంది. ముందు కుళాయి నీళ్లతో, తరవాత డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి.

కంబాలకొండ మీదికి వెళ్లి తెస్తామంటారు కొందరు ఉత్సాహవంతులు. అది వన్యప్రాణి అభయారణ్యం, అనుమతి లేకుండా ఆకు కోయకూడదు. ఏ మొక్కనైనా పూతతో ఉన్న కొమ్మ ఒకటి నొక్కి ఆరబెట్టి, వృక్షశాస్త్ర విభాగంలో చూపించి, శాస్త్రీయ నామం రాయించుకుని, ఆ నమూనాను భద్రపరచాలి. నేలవేముకు ఇది మరీ ముఖ్యం. ఎండిపోయి కట్టగా వచ్చిన చేదు మొక్కలన్నీ చూపుకి ఒకేలా ఉంటాయి.

ఆరబెట్టడం

అసలు కథ ఇక్కడ ఉంది. వంకాయ కోసి నీళ్లలో వేయకపోతే నల్లబడుతుంది కదా. ఆ ముక్కలో ఉన్న క్లోరోజెనిక్ ఆమ్లం అనే ఫినాల్‌ను, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మార్చేయడం వల్ల వచ్చే నలుపు అది. మీ తులసి ఆకులోనూ అదే ఎంజైము ఉంది. ఆకు నలిగినా, తడిగా ఎక్కువ సేపు ఉన్నా మీరు కొలవబోయే సరుకే ఖర్చయిపోతూ ఉంటుంది. విశాఖలో తడికి కరువా? సముద్రపు గాలి ఏడాది పొడవునా తేమ మోసుకొస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అయితే గదిలో పరిచిన ఆకు మూడు రోజులైనా మెత్తగానే ఉంటుంది. అంచులు నల్లబడతాయి, అడుగున బూజు కూడా వస్తుంది. ఆ ఆకును పారేయండి. రుబ్బి చూద్దాం అనుకోకండి.

ఎర్రటి ఎండ కూడా పరిష్కారం కాదు. వెలుతురు, వేడి రెండూ ఫినాల్‌లకు పడవు. మంచి పద్ధతి ఏమిటంటే: కడిగిన ఆకును గుడ్డ మీద తుడిచి, కాడలు తీసి, ఒకదాని మీద ఒకటి పడకుండా ట్రేలో పరిచి, గాలి ఆడే ఓవెన్‌లో 40 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఓవెన్ లేకపోతే ఫ్యాను కింద, నీడన, పలచగా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మన ఊళ్లో ఇది బాగా సాగుతుంది. వీలైతే పని ఆ నెలల్లోనే పెట్టుకోండి. ఆకును వేళ్ల మధ్య నలిపితే వంగకుండా పెళపెళమని విరగాలి. రెండు రోజులు వరసగా తూచినా బరువు మారకూడదు. రంగు ఆకుపచ్చగానే ఉండాలి, గోధుమ రంగు వస్తే ఆలస్యమైందని అర్థం.

పొడి చేసేటప్పుడు మిక్సీని ఆపి ఆపి తిప్పండి, గిన్నె వేడెక్కకూడదు. పొడిని జల్లించి, గోధుమ రంగు సీసాలో పోసి, తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న మూత పాత్ర, అంటే డెసికేటర్‌లో పెట్టాలి. సిలికా జెల్ నీలంగా ఉందో గులాబీ రంగుకు తిరిగిందో రోజూ చూడండి. గులాబీ అయితే తేమ తాగేసిందని. ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్లీ నీలం అవుతుంది. చాలా ప్రయోగశాలల్లో అది కొన్న ఏడాది గులాబీ అయి, అలా అలంకారంగా మిగిలిపోతుంది.

సారం తీయడం

పది గ్రాముల పొడి, 100 మి.లీ. 70 శాతం ఇథనాల్ లేదా మిథనాల్. మూత బిగించిన శంఖాకార ఫ్లాస్కులో 24 గంటలు షేకర్ మీద ఉంచి, వాట్‌మన్ 1 నంబరు పేపర్‌తో వడకట్టండి. అడుగు పిప్పికి మరో 50 మి.లీ. పోసి ఇంకోసారి, వీలైతే మూడోసారి. అన్నీ కలిపి రోటరీ ఎవాపరేటర్‌లో 40 డిగ్రీలు దాటకుండా ద్రావణిని తీసేయాలి. స్వచ్ఛమైన ఇథనాల్‌కు ఎక్సైజ్ అనుమతి, రిజిస్టరు, సంతకాలు ఉంటాయి కాబట్టి చాలామంది మిథనాల్‌తో సరిపెట్టుకుంటారు. తప్పు లేదు. అయితే మిథనాల్ విషం, నిప్పు అంటుకుంటుంది. పొగ గూట్లోనే పనిచేయాలి, పిపెట్టును నోటితో పీల్చకూడదు.

నీళ్లు కలిపిన ఆల్కహాలే ఎందుకు? ఫినాల్‌లలో కొన్ని చక్కెరతో ముడిపడి నీళ్లవైపు మొగ్గుతాయి, కొన్ని ఆల్కహాల్ వైపు. కలిపితే రెండూ వస్తాయి. ఉత్త మిథనాల్ పత్రహరితాన్ని కూడా లాగేసి సీసాను ముదురు పచ్చగా చేస్తుంది.

కరక్కాయకు మాత్రం ఒక పని అదనంగా చేయండి. అదే పొడిలో మరో పది గ్రాములు తీసుకుని, నీళ్లు పోసి నాలుగో వంతు మిగిలేదాకా కషాయం కాచండి. ఇంట్లో పెద్దవాళ్లు వాడేది కషాయమే కానీ మిథనాల్ సారం కాదు కదా. మరిగించినప్పుడు చెబులినిక్ ఆమ్లం లాంటి పెద్ద టానిన్లు నీటితో చర్య పొంది విడిపోతాయి, గాలిక్ ఆమ్లం పెరుగుతుంది. అంటే కషాయంలో ఉన్నదీ, చల్లగా నానబెట్టిన సారంలో ఉన్నదీ ఒకే మిశ్రమం కాదు. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి పరీక్షిస్తే మీ ప్రాజెక్టులో అన్నిటికంటే చదవదగ్గ పుట అదే అవుతుంది.

ఎండిన సారాన్ని తూచి, పది గ్రాముల పొడికి ఎంత వచ్చిందో రాసుకోండి. ఈ అంకె మరిచిపోతే తరవాత లెక్క ముందుకు నడవదు. మన ఊరి గాలిలో సారం అయిదు నిమిషాల్లో జిగురెక్కి గరిటెకు అంటుకుంటుంది, తక్కెడలో అంకె మన కళ్ల ముందే పెరుగుతూ పోతుంది. డెసికేటర్ నుంచి తీసిన వెంటనే తూచాలి, కబుర్లు తరవాత.

నీలం: ఫోలిన్ పరీక్ష

ఫోలిన్, సియోకాల్టు అనే ఇద్దరు 1927లో ప్రొటీన్ల పని మీద తయారుచేసిన కారకం ఇది. 1965లో సింగిల్‌టన్, రోసీ ద్రాక్షసారాలోని ఫినాల్‌లకు అనువుగా దాన్ని మలిచారు. మనం చేసేది ఆ మలిచిన పద్ధతే. పసుపు రంగు కారకంలోని మాలిబ్డినం, టంగ్‌స్టన్ ఎలక్ట్రాన్లు అందుకుని నీలం అవుతాయి. సీసా తీయగానే రంగు చూడండి. పసుపు ఉంటే వాడండి, ఆకుపచ్చ తిరిగితే అది అప్పటికే ఎవరి దగ్గరో ఎలక్ట్రాన్లు తీసుకుంది, పక్కన పెట్టేయండి.

ముందు గాలిక్ ఆమ్లం స్టాండర్డ్, అంటే పోల్చడానికి గాఢత తెలిసిన ద్రావణం. సీసా మీద చీటీ చదవండి. అణుభారం 170.12 అని ఉంటే నిర్జల రూపం, 188.14 అని ఉంటే ఒక నీటి అణువుతో ఉన్నది. మొదటిదైతే 10 మి.గ్రా., రెండోదైతే 11.06 మి.గ్రా. తూచి 100 మి.లీ. స్టాండర్డ్ ఫ్లాస్కులో కలపాలి. చీటీ చూడకుండా పది తూచేస్తే అన్ని ఫలితాలూ పది శాతం దాకా ఉబ్బిపోతాయి. ఇప్పుడు మీ దగ్గర మి.లీ.కు 100 మైక్రోగ్రాముల ద్రావణం ఉంది. దాని నుంచి 10, 20, 40, 60, 80 చేసుకోండి.

ఒక్కో గొట్టంలో 0.5 మి.లీ. స్టాండర్డ్ లేదా సారం, పది రెట్లు పలచన చేసిన ఫోలిన్ కారకం 2.5 మి.లీ. కలపండి. అయిదు నిమిషాలు ఆగి, 7.5 శాతం సోడియం కార్బొనేట్ 2 మి.లీ. పోయండి. వరస మార్చకండి. ఫినాల్ చురుగ్గా పనిచేయడానికి క్షారం కావాలి, కానీ అదే క్షారంలో కారకం విరిగిపోతుంది. ముందే కార్బొనేట్ పోస్తే కారకం ఫినాల్‌ను కలవకముందే చచ్చిపోతుంది. అన్ని గొట్టాలకూ ఒకే ఎడం ఉండేలా గడియారం చూసుకుంటూ పోయాలి. చీకట్లో గంటన్నర ఉంచి 765 నానోమీటర్ల దగ్గర అబ్జార్బెన్స్, అంటే ద్రావణం ఎంత కాంతిని పీల్చుకుందో చెప్పే అంకె, చదవండి. యంత్రాన్ని సున్నాకు తేవడానికి వాడే గొట్టం బ్లాంక్. బ్లాంక్‌లో సారం బదులు అదే ద్రావణి ఉండాలి, ఉత్త నీళ్లు కాదు. మీ కలోరిమీటర్ 700 దాకానే వెళితే బెంగ వద్దు. ఆ నీలం పట్టీ వెడల్పాటిది. స్టాండర్డునూ సారాన్నీ ఒకే చోట చదివితే చాలు. గాజు క్యూవెట్టు సరిపోతుంది, క్వార్ట్‌జ్ కోసం ఎవరినీ బతిమాలనక్కరలేదు.

లెక్క ఇలా. తులసి సారాన్ని మి.లీ.కు 1 మి.గ్రా. చొప్పున కరిగించారనుకుందాం. స్టాండర్డుల అబ్జార్బెన్స్ విలువలను గాఢతల మీద గీసిన మీ గ్రాఫు మీద దాని అబ్జార్బెన్స్ 62 మైక్రోగ్రాముల గాలిక్ ఆమ్లానికి సమానమని వచ్చిందనుకుందాం. అంటే గ్రాము సారానికి 62 మి.గ్రా. ఇది సారం లెక్క. పది గ్రాముల ఆకు పొడికి 1.4 గ్రాముల సారం వచ్చి ఉంటే, గ్రాము ఆకు పొడికి 62 × 1.4 ÷ 10, అంటే సుమారు 8.7 మి.గ్రా. రెండూ నిజమే, రెండూ వేరు. ఒకరు సారం లెక్క, ఒకరు ఆకు లెక్క రాసి "మీది తప్పు" అని ఒకరినొకరు అనుకోవడం నాకు ఏటా వినోదం. కరక్కాయ సారం అదే గాఢతలో పోస్తే గ్రాఫు దాటి ఆకాశంలోకి వెళ్లిపోతుంది, దాన్ని పది రెట్లు పలచన చేయాలి. గ్రాఫు గీతను పైకి పొడిగించి చదవకండి.

ఈ పరీక్ష గుట్టు ఒకటి తెలిసి ఉండాలి. అది ఫినాల్‌ను గుర్తుపట్టదు. ఎలక్ట్రాన్ ఇచ్చేదాన్ని దేన్నైనా పట్టుకుంటుంది. విటమిన్ సి, క్షయకరణం చేసే చక్కెరలు, టైరోసిన్ లాంటి అమైనో ఆమ్లాలు అన్నీ నీలం చేస్తాయి. అందుకే ఉసిరికాయ మీద చేసినవారికి వచ్చే పెద్ద అంకెలో విటమిన్ సి వాటా కూడా కలిసి ఉంటుంది. దీనికి ఒక ఉపాయం ఉంది: పాలీవినైల్ పాలీపైరోలిడోన్ అనే పొడి టానిన్లను పట్టుకుని అడుగుకు లాగేస్తుంది. 100 మి.గ్రా. పొడి, 1 మి.లీ. నీళ్లు, 1 మి.లీ. సారం కలిపి, చల్లగా పావుగంట ఉంచి సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరినదాన్ని మళ్లీ ఫోలిన్‌తో కొలవండి. సారం రెండింతలు పలచనైందని లెక్కలో చూసుకోవాలి. ముందు విలువకూ దీనికీ తేడా టానిన్ల వాటా. కరక్కాయ మీద ఈ తేడా చూస్తే మీకే ముచ్చటేస్తుంది.

ఊదా: డీపీపీహెచ్ పరీక్ష

డీపీపీహెచ్ సీసాలో ఉన్నంత కాలం కుదురుగా ఉండే రాడికల్, అదే దాని ప్రత్యేకత. 1958లో బ్లాయిస్ దాన్ని ఈ పనికి వాడి చూపించాడు. మిథనాల్‌లో ముదురు ఊదా, 517 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. హైడ్రోజన్ అందితే ఆ రంగు పోతుంది.

సీసాను ఫ్రిజ్ నుంచి తీయగానే మూత తిప్పకండి. మన ఊరి తేమకు చల్లటి గాజు లోపల క్షణంలో చెమ్మ పడుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. 0.1 మిల్లీమోలార్ ద్రావణం 100 మి.లీ. కావాలంటే 3.94 మి.గ్రా. తూచాలి. అంత తక్కువ బరువును మామూలు తక్కెడ నమ్మకంగా చూపదు. 19.7 మి.గ్రా. తూచి 100 మి.లీ. చేస్తే 0.5 మిల్లీమోలార్, దాన్ని అయిదు రెట్లు పలచన చేసుకోండి. ఫ్లాస్కుకు ఫాయిల్ చుట్టండి. ఏ రోజుది ఆ రోజే.

3 మి.లీ. డీపీపీహెచ్‌లో 1 మి.లీ. సారం కలిపి అరగంట చీకట్లో ఉంచి చదవాలి. సారం బదులు మిథనాల్ పోసిన గొట్టం కంట్రోల్. దాని విలువ 0.8, 0.9 మధ్య ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. తులసికి, నేలవేముకు మి.లీ.కు 10 నుంచి 200 మైక్రోగ్రాముల దాకా అయిదారు గాఢతలు తీసుకోండి. కరక్కాయకు వాటిలో పదో వంతు నుంచి మొదలుపెట్టండి, లేకపోతే పోసీ పోయకముందే అన్నీ పసుపు అయి మీకు గ్రాఫే రాదు. నీటి కషాయాన్ని పరీక్షించేటప్పుడు నీళ్లు ఎక్కువైతే డీపీపీహెచ్ సరిగా కరగక మబ్బుగా అవుతుంది. కషాయాన్ని ఆరబెట్టి మిథనాల్‌లో పలచన చేసుకోవడం మేలు.

చాలా నివేదికల్లో కనపడని గొట్టం ఒకటుంది: సారం బ్లాంక్. 1 మి.లీ. సారం, 3 మి.లీ. ఉత్త మిథనాల్, డీపీపీహెచ్ లేకుండా. ఎందుకంటే సారానికి సొంత రంగు ఉంటుంది. కృష్ణ తులసిలోని ఊదా రంగు ఆంథోసయనిన్లది, అవి కాంతిని పీల్చేది కూడా దాదాపు ఆ ప్రాంతంలోనే. కంట్రోల్ 0.86, సారం గొట్టం 0.41 వచ్చాయనుకోండి. నేరుగా లెక్కేస్తే 52 శాతం నిరోధం. సారం బ్లాంక్ 0.06 ఉందనుకుందాం; 0.41 నుంచి తీసేస్తే 0.35, అప్పుడు 59 శాతం. ఒక్క గొట్టం పెట్టకపోవడం వల్ల మీ తులసికి ఏడు మార్కులు పోయాయి.

శాతాలను గాఢతల మీద గీసి, సగం రాడికల్‌ను అణచడానికి ఎంత కావాలో చదివితే అది ఐసీ50. అది ఎంత తక్కువైతే సారం అంత బలమైనది. ఇక్కడ తడబడి పెద్ద అంకె వచ్చిన మొక్కకు మొదటి బహుమతి ఇచ్చేవారు ఏటా ఉంటారు. 20 శాతానికి, 80 శాతానికి మధ్య ఉన్న బిందువులనే నమ్మండి. మీరు చెప్పే గాఢత పోసిన సారానిదా, మొత్తం 4 మి.లీ.లోదా అన్నది తప్పక రాయాలి. రెండిటికీ మధ్య నాలుగు రెట్ల తేడా ఉంది మరి. పక్కన విటమిన్ సి కూడా పెట్టి పోల్చండి. అది క్షణాల్లో పని ముగిస్తుంది, మొక్కల ఫినాల్‌లలో చాలావి నింపాదిగా చేస్తాయి. తీరిక ఉంటే ఒక గొట్టాన్ని అయిదు నిమిషాలకోసారి గంటసేపు చదవండి. అరగంట అన్నది మనం పెట్టుకున్న గడువే కానీ ఫినాల్ పెట్టుకున్నది కాదని తెలుస్తుంది.

రెండో పద్ధతితో సరిచూసుకోవాలంటే ఫ్రాప్ పరీక్ష ఉంది. 1996లో బెంజీ, స్ట్రెయిన్ ఇచ్చినది, సారం ఫెర్రిక్ ఇనుమును ఎంత క్షయకరణం చేస్తుందో చూసేది. పీహెచ్ 3.6 ఉన్న అసిటేట్ బఫర్, టీపీటీజడ్ (క్షయకరణం చెందిన ఇనుముతో నీలం రంగునిచ్చే కారకం), ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాలను 10:1:1 పాళ్లలో కలిపి, 593 నానోమీటర్ల దగ్గర నీలం చదవడమే. కారకం ఖరీదైనది. విభాగంలో లేకపోతే దీనికోసం అప్పులు చేయకండి.

పట్టిక రాసేటప్పుడు

ఒకే సీసా నుంచి మూడుసార్లు పిపెట్టు ముంచి "మూడుసార్లు చేశాం" అనడం కుదరదు. అది మీ పిపెట్టు ఎంత నిలకడగా ఉందో చెబుతుంది, తులసి గురించి ఏమీ చెప్పదు. పొడి నుంచి మూడు విడి సారాలు తీసి, ఒక్కోదాన్నీ కొలిచి, సగటూ విచలనమూ వేయండి. విచలనం 4 ఉన్నప్పుడు 62.3874 అని రాయడం దండగ, 62 చాలు. ప్రతి అంకె పక్కనా ఆకు ఎలా ఆరింది, ఏ ద్రావణి, ఎంతసేపు, సారం లెక్కా ఆకు లెక్కా అన్న నాలుగు మాటలు ఉండాలి. అవి లేని అంకెను పై ఏడాది పిల్లలు వాడుకోలేరు.

ఇక ముగింపు పేజీలో మనవాళ్ల కలం ఆగదు. "ఈ మొక్క క్యాన్సర్‌ను, మధుమేహాన్ని, వృద్ధాప్యాన్ని అరికడుతుంది" అని రాసేస్తారు. గాజు గొట్టంలో ఊదా రంగు పోయింది, అంతవరకే మీరు చూసింది. మింగిన ఫినాల్‌లో చాలా భాగం పేగుల్లో సూక్ష్మజీవుల చేతికి చిక్కి, కాలేయంలో రూపు మారి, రక్తంలోకి కొద్దిగానే చేరుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పదార్థాల యాంటీ ఆక్సిడెంట్ విలువలతో ఓరాక్ పట్టిక ఒకటి నడిపేది. ఆ విలువలకూ మనిషి ఆరోగ్యానికీ నేరుగా సంబంధం లేదంటూ, పైగా వ్యాపారులు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నారంటూ 2012లో తీసేసింది. మీరు రాయదగ్గ వాక్యం ఇలా ఉంటుంది: "40 డిగ్రీల వద్ద ఆరబెట్టిన తులసి ఆకుల 70 శాతం మిథనాల్ సారం, ఈ పరిస్థితుల్లో, విటమిన్ సి కంటే ఇన్ని రెట్లు తక్కువ బలంతో డీపీపీహెచ్‌ను అణచింది." పొడుగు వాక్యమే. బయటి పరీక్షకులు అందులో వేలు పెట్టడానికి చోటు దొరకదు.

పని అయ్యాక ఫోలిన్ గొట్టాలను తొట్టిలో కుమ్మరించకండి, అందులో టంగ్‌స్టన్, మాలిబ్డినం ఉన్నాయి. ఒక క్యాన్ పెట్టి "ఫోలిన్ వ్యర్థం" అని చీటీ అంటించండి, మిథనాల్‌కు మరొకటి. మిగిలిన సారాలకు పేరు, తేదీ, ద్రావణి రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. పేరు లేని సీసా దొరికితే ప్రయోగశాల సహాయకుడు పారేస్తాడు, ఆ విషయంలో నేను ఆయన పక్షమే.